కడిగి పంపిన క్యారేజీ

మా ఇంటినుంచి ఎవరి గిన్నే ఖాళీగా తిరిగి వెళ్లదు. అమెరికాలో, పిస్కాటవేలో మా వీధిలో ఉన్న నాలుగు తెలుగు ఇళ్లకీ, పక్కింటి గుజరాతీ ఆవిడకీ ఈ సంగతి తెలుసు. ఎవరైనా డబ్బాలో రెండు గారెలు పంపితే ఆ డబ్బా మా ఇంట్లో ఒకటి రెండు రోజులు విడిది చేసి, కొబ్బరుండలో, చలిమిడో, ఏదీ లేని రోజున గుప్పెడు పంచదారో మోసుకుని వెనక్కి వెళ్లేది. "టేకవుట్ డబ్బాయే కదా అమ్మమ్మగారూ, పారేసినా ఫరవాలేదు" అని కుర్రవాళ్లు నవ్వేవారు. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. "ఖాళీ గిన్నె ఇంటికొస్తే ఎలాగుంటాదో మీకు తెలీదులే" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను అక్కడినుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. ఎందుకు లేచి వెళ్లిపోయేదాన్నో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అమ్మ ఈ వసంతంలో పోయింది. ఎనభై దాటిన మనిషి, ఎక్కువ రోజులు మంచం మీద ఉండకుండా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు అన్నారు అందరూ. పన్నెండో రోజు భోజనాలు అయి, చుట్టాలు అల్ఫారెట్టాకీ టెక్సాస్‌కీ వెళ్లిపోయాక, వంటగది గట్టు మీద ఇరుగుపొరుగుల డబ్బాలు ఏడు మిగిలాయి. ఒక్కోదాంట్లో ఏదో ఒకటి వేసి ఇచ్చి వచ్చాను. మర్నాడు ఆవిడ బట్టల అలమర తెరిస్తే, అట్టడుగున, నాన్న ఉన్ని స్వెట్టర్‌లో చుట్టి, మూడు గిన్నెల స్టీలు క్యారేజీ కనిపించింది. పెళ్లిలో పెట్టిన సామానులోది. పై గిన్నె మీద చుక్కల అక్షరాలతో అమ్మ పేరూ, టెక్కలి అని ఊరి పేరూ చెక్కి ఉన్నాయి. పక్క కడ్డీ ఊడిపోతే నాన్న ఇనుప తీగతో కట్టిన కట్టు చెక్కుచెదరలేదు. ఇన్నేళ్లుగా అది ఇల్లు మారినప్పుడల్లా మాతోపాటే వస్తోందని నాకు తెలియదు. అలాస్కాలో వదిలేసి వచ్చామనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

అవును, నేను పెరిగింది అలాస్కాలో. ఊరి పేరు రాయను. ఇప్పుడక్కడికి రోజూ మేడల్లాంటి ఓడలు వస్తున్నాయి, వేసవిలో వీధుల్లో ఊరివాళ్ల కంటే ఐస్‌క్రీమ్ తినేవాళ్లే ఎక్కువ, ఆ ఊరికి నా ప్రచారం అక్కర్లేదు. రెండు కొండల మధ్య ఇరుక్కుని సముద్రం ఆగిపోయిన చోట ఊరు. ఊరి చివరినుంచి చిన్న పట్టాల రైలు బయల్దేరి, లోయ అంచు పట్టుకుని పాకుతూ, సొరంగాల్లో దూరుతూ, చెట్లన్నీ కిందే ఉండిపోయేంత ఎత్తుకి ఎక్కి, శిఖరం మీద అమెరికా దాటి కెనడాలోకి పోతుంది. ఇప్పుడది చూడముచ్చట రైలు. నా చిన్నతనంలో అది బతుకుతెరువు రైలు. పైనుంచి గనుల ఖనిజం దించుకొచ్చేది, కిందనుంచి పిండి, ఉల్లిపాయలు, కిరసనాయిలు, పోస్టల్ సంచులు ఎక్కించుకుపోయేది. మనుషులకి రెండంటే రెండు పెట్టెలు. ఆ కొండల్ని చూసి ఎవరూ నోరు తెరిచేవారు కాదు. మంచు ఎప్పుడు పడుతుందా, దారి ఎప్పుడు మూసుకుపోతుందా అని మాత్రమే చూసేవారు.

మా నాన్న లోకం పట్టాలు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా పోయే చిన్న రైలు మీద పట్టాల ఇన్‌స్పెక్టరుగా చేసి, ఎవరో ఎగదోస్తే పైచదువుకి అమెరికా వచ్చి, సియాటిల్‌లో ఏదో ఫ్యాక్టరీలో కుదిరాడు. ఆ ఫ్యాక్టరీ వాళ్లు జనాన్ని తీసేసినప్పుడు ఈయన్నీ తీసేశారు. అప్పుడే పేపర్లో ఈ కొండరైలు ప్రకటన చూసి ఉత్తరం రాశాడట: "మీ పట్టాల కంటే ఆరంగుళాలు సన్నటి పట్టాల మీద పనిచేశాను. నాకు మీ రైలు వెడల్పుగానే కనిపిస్తుంది." ఉద్యోగం ఆ ఒక్క మాటకే వచ్చిందని చచ్చేదాకా చెప్పుకున్నాడు. శిఖరానికి అవతల కొంత దూరం వరకు పట్టాలు చూడడం ఆయన పని. సరిహద్దు దాటగానే రేకుల కప్పుతో ఒక పొడుగాటి చెక్క ఇల్లు ఉండేది, పట్టాల పనివాళ్ల బస. సోమవారం పొద్దున్న రైలెక్కి శనివారం సాయంత్రం దిగేవాడు. "మా ఆయన ఉండేది కెనడాలో, కాపురం చేసేది అమెరికాలో" అని అమ్మ ఊళ్లో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి నవ్వించేది. నవ్వించగలిగే మనిషే మా అమ్మ, ఆ రోజుల్లో.

మా ఇల్లు కట్టెల పొయ్యి వాసన, ఇంగువ వాసన, తడిసిన ఉన్ని మేజోళ్ల వాసన కలిసి ఒకటే వాసనగా ఉండేది. ఇంగువ, చింతపండు, ఆవాలు జెర్సీ సిటీనుంచి అమ్మ చిన్నాన్న కూతురు, నా పిన్ని, పార్సెల్ చేసేది. పార్సెల్ వచ్చిన రోజు అమ్మ ముందు చింతపండు తీసి వాసన చూసి, ఆ తర్వాతే ఉత్తరం చదివేది. కూరగాయలకి మాత్రం కటకటే. మొదటి ఏడాది పెరట్లో ఎర్రటి కాడలతో, చేటంత ఆకులతో ఒక మొక్క గుబురుగా మొలిచింది. కాడ కొరికి చూస్తే పుల్లగా ఉంది. "చుక్కకూరే! ఇక్కడి ఎరువుకి ఇంతింత అయిపోనాది" అని అమ్మ సంబరపడి బుట్టెడు ఆకు కోసి, కడిగి, తరగడానికి కూర్చుంది. పక్కింటి ముసలావిడ డోరతీ కంచె మీదనుంచి చూసి కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చి ఆకులన్నీ గుమ్మం బయటికి విసిరేసింది. అది రూబార్బ్ అనీ, కాడ అమృతం, ఆకు విషం అనీ, అరగంట సేపు చేతులతో గొంతు పట్టుకుని చూపించి మరీ చెప్పింది. తెలుగువాళ్లు తప్ప ఆ ఆకుని పప్పులో వేద్దామనుకునేవాళ్లు ఆ ఊరు పుట్టాక ఎవరూ వచ్చి ఉండరు. ఆ మర్నాటినుంచి అమ్మ కాడలతోనే పప్పు చేసేది. వెల్లుల్లి, ఎండుమిరపకాయ పోపు, చిటికెడు బెల్లం. నాన్నకి దానిమీద పిచ్చి. టెక్కలిలో చుక్కకూర పప్పు దీని ముందు దిగదుడుపే అనేవాడు.

నాన్నకి నీళ్లు కాచుకోవడం కూడా రాదు. అందుకని రోజూ పొద్దున్న అమ్మ క్యారేజీ కట్టేది. అడుగు గిన్నెలో అన్నం, మధ్యలో పప్పో పులుసో, పైన మజ్జిగ మిరపకాయలు, ఊరగాయ. నేను స్టేషనుకి తీసుకెళ్లి కండక్టరు వాల్టర్ చేతికి ఇచ్చేదాన్ని. వాల్టర్ భారీ మనిషి, తెల్ల మీసాలు, ఎవరి సామానూ చేత్తో పట్టని హోదా ఆయనది, కానీ ఈ క్యారేజీని మాత్రం తన సీటు పక్కన కిటికీలో పెట్టుకునేవాడు. అలా అమ్మ చేతి అన్నం రోజూ ఒక దేశం దాటేది. ఒకసారి సరిహద్దు దగ్గర కొత్తగా వచ్చిన అధికారి మూత తీయమన్నాడట. ఇంగువ ఘాటుకి రెండడుగులు వెనక్కి వేసి, ఇంకెప్పుడూ దాని జోలికి రాలేదని వాల్టర్ ఊరంతా చెప్పాడు.

సాయంత్రం అదే రైల్లో క్యారేజీ తిరిగి వచ్చేది, నేనే వెళ్లి తెచ్చేదాన్ని. నాన్న దాన్ని ఒక్కనాడూ కడగలేదు. సొంత ఇంటి గిన్నెకి మర్యాదలేమిటని ఆయన వాదం. పరాయివాళ్ల గిన్నె అయితే కడిగి ఇస్తాం, మనదైతే తిన్నది తిన్నట్టే పంపుతాం, అదే చనువు. కానీ ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. పై గిన్నెలో ఏదో ఒకటి ఉండేది. తెల్ల చారల రాయి, దేవదారు చిగురు, కెనడా దుకాణంలో కొన్న బిస్కట్లు, ఆగస్టులో అయితే శిఖరం మీద పొదల్లో కాసే చిన్న చిన్న నీలం బెర్రీలు. అమ్మ మూత తీసి చూసి, "ఇదేటి, రాళ్లు తిని బతకమంటాడేటి మీ నాన్న" అని విసుక్కుంటూనే ఆ రాయిని కిటికీలో వరసలో పెట్టేది. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకున్న గుర్తు లేదు, ముద్దుమాటలు చెప్పుకున్న గుర్తూ లేదు. చెప్పుకోవలసినవన్నీ ఆ క్యారేజీలో పైకి వెళ్లేవి, కిందికి వచ్చేవి. బెర్రీలు వచ్చిన రోజున దారిలో ఒకటో రెండో నోట్లో వేసుకోవడం నాకు అలవాటు. అమ్మకి తెలుసు. ఏమీ అనేది కాదు.

నాకు పదేళ్లు వచ్చిన ఏడాది ఆగస్టులో, ఒక ఆదివారం, వాళ్లిద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. కారణం నేనే. అమ్మ తెలుగులో అడిగినదానికి నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాను. అంతే, రెండేళ్లుగా ఆవిడ లోపల ఉడుకుతున్నదంతా పొంగింది.

"ఇంకో చలికాలం నేనిక్కడ ఉండలేనండీ. మనిషి మాట వినబడదు. జెర్సీ సిటీలో చెల్లి ఉంది, నలుగురు మనవాళ్లున్నారు. పోదాం పదండి."

"అక్కడికొచ్చి ఏటి చెయ్యను? నాకు పట్టాలు తప్ప ఏటీ రాదు."

"అయితే నేను పిల్లని తీసుకుని ఎల్లిపోతాను."

నాన్న బూట్లకి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు. సోమవారం పొద్దున్న ఎవరితోనూ మాట్లాడకుండా, మొదటి కూత కూడా వినబడకముందే స్టేషనుకి వెళ్లి, రైలు కోసం ఆగకుండా పనివాళ్ల ట్రాలీ మీద పైకి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, పెరట్లోకి వెళ్లి రూబార్బ్ కాడలు కోసుకొచ్చింది. ఆ రోజు పప్పులో బెల్లం కొంచెం ఎక్కువే వేసింది. మజ్జిగ మిరపకాయలు నాలుగుకి బదులు ఎనిమిది వేయించింది. నాకు క్యారేజీ ఇస్తూ, "జాగ్రత్తగా ఇయ్యి, ఒలికిపోగలదు" అంది. అలక తీరిందని నాకు అర్థమైంది. ఇక నాన్న ఏం పంపుతాడో చూడాలి.

సాయంత్రం వాల్టర్ క్యారేజీ అందిస్తే బరువుగా ఉంది. స్టేషను వెనక సరుకుల షెడ్డు మెట్ల మీద కూర్చుని మూత తీశాను. పైన ఒక గిన్నె కాదు, రెండు గిన్నెల నిండా బెర్రీలు. ఆ ఏడాది మొదటి కాపు. ఆకు, పుల్ల ఒక్కటి లేకుండా ఏరి ఉన్నాయి. ఒకటి తిన్నాను. ఇంకొకటి. పై గిన్నె నాది, రెండోది అమ్మది అనుకున్నాను. పై గిన్నె అయిపోయాక, రెండోదాంట్లో సగం ఉంచితే చాలు అనుకున్నాను. సగం దాటాక, గుప్పెడు ఉన్నా చాలనుకున్నాను. చివరికి గిన్నె అడుగున ఏడో ఎనిమిదో మిగిలాయి. అన్ని మాత్రమే తీసుకెళ్తే మిగతావి నేనే తిన్నానని తెలిసిపోతుంది. అవీ తినేశాను. గిన్నెలకి ఊదారంగు మరకలు అంటుకుని ఉంటే స్టేషను కుళాయి దగ్గర మూడు గిన్నెలూ తళతళలాడేలా కడిగి, గౌను అంచుతో తుడిచాను. పెద్ద ఆలోచనేమీ లేదు, కోపం లేదు, కసి లేదు. తియ్యగా ఉన్నాయి, తిన్నాను.

అమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని మూత తీసింది. పై గిన్నె చూసింది, రెండోది చూసింది, మూడోదీ చూసింది. అడుగు మీద వేలితో రాసి చూసుకుంది.

"కడిగి పంపేడు" అంది మెల్లగా. తర్వాత నన్ను చూసి, "ఇందులో ఏటైనా ఉందేటే పాపా?" అని అడిగింది.

నా నాలుక నల్లగా, నీలంగా ఉంటుందని నాకు తెలుసు. నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపాను. ఎప్పుడూ కడగని మనిషి పరాయివాళ్ల గిన్నెలా కడిగాడు, పరాయివాళ్లకైనా ఏదో ఒకటి వేసి పంపుతాం కదా, అదీ వేయలేదు. ఆవిడకి ఇంకో ఉత్తరం అక్కర్లేకపోయింది. క్యారేజీ బోర్లించి, వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటికి ఎండ ఇంకా కిటికీలోనే ఉంది.

మంగళవారం పొద్దున్న నేను స్టేషనుకి బయల్దేరుతుంటే, "అక్కర్లేదు, ఇవాళ కేరేజీ లేదు" అంది. బుధవారమూ లేదు. అప్పుడైనా నేను చెప్పి ఉండాల్సింది. తిట్లకి భయపడ్డాను. రెండు దెబ్బలకి భయపడ్డాను. రెండు రోజులు గడిస్తే శనివారం వస్తుంది, నాన్న వస్తాడు, ఇద్దరూ మాట్లాడుకుంటారు, అంతా సర్దుకుంటుంది అని పిల్లబుర్రతో లెక్క వేసుకున్నాను. గురువారం మధ్యాహ్నం రైలు రావలసిన వేళ కంటే ముందే వచ్చింది. వాల్టర్ టోపీ చేత్తో పట్టుకుని మా ఇంటికి నడిచి వచ్చాడు. పట్టాల పక్కన కూర్చుని బోల్టు బిగిస్తున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయాడట. గుండె. నాన్నకి అప్పటికి నలభై కూడా లేవు.

ఇంక ఇది చెప్పాలి. ఇది చెప్పడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. అమ్మకి దుకాణంలో బేరం ఆడేటంత ఇంగ్లీషే వచ్చు. ఎవరైనా పెద్ద మాటలు మాట్లాడితే నేనే తెలుగులో చెప్పేదాన్ని, డాక్టరు దగ్గరైనా, పోస్టాఫీసులోనైనా. నాలుగో రోజున వాల్టర్ మళ్లీ వచ్చి అమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు, మీసాల్లో మాట్లాడుతున్నాడు, అమ్మకి ఒక్క ముక్కా అందడం లేదు. ఆయన చెప్పింది ఇది: "సోమవారం మధ్యాహ్నం రైలు శిఖరం దగ్గర ఆగినంత సేపూ మీ ఆయన పొదల్లో బెర్రీలు కోస్తూనే ఉన్నాడు. ఈల వేసినా రాడు. ఇంకొన్ని, మా ఆవిడకి, అంటాడు. మంగళవారం నా దగ్గరికి వచ్చి క్యారేజీ రాలేదా అని అడిగాడు. బుధవారం కూడా అడిగాడు. రాలేదంటే, సామాను సర్దుకుంటోందేమోలే, అన్నాడు."

అమ్మ నావైపు చూసింది. "ఏటంటున్నాడే?"

బెర్రీల మాట నేను మింగేశాను. మిగిలింది చెప్పాను. "రెండు రోజులూ క్యారేజీ రాలేదా అని నాన్న అడిగాడట. సామాను సర్దుకుంటోందేమో అన్నాడట." ఆ రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. వాల్టర్ నా తల నిమిరి, మంచి పిల్లవి, అమ్మకి బాగా సాయం చేస్తున్నావు అన్నాడు.

మేము నిజంగానే సామాను సర్దుకుని జెర్సీ సిటీ వచ్చేశాం. పిన్ని ఇంట్లో ఒక ఏడాది, తర్వాత రైలు స్టేషనుకి దగ్గర్లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు. అమ్మ ఆస్పత్రి వంటశాలలో చేరింది, రోగుల ట్రేలు సర్దేది. మాన్‌హాటన్ వెళ్లే రైలు కింద గుడగుడలాడినప్పుడల్లా చేతిలో పని ఆపేసేది. చుట్టూ తెలుగువాళ్లు పెరిగారు, గుళ్లు లేచాయి, గోంగూర దొరికింది, చుక్కకూర కూడా దొరికింది. అమ్మ కోరిందంతా వచ్చింది. అయినా రూబార్బ్ మాత్రం ఆవిడ మళ్లీ ముట్టలేదు, మార్కెట్‌లో ఎర్రటి కాడలు కనిపిస్తే బండి వేరే వైపు తిప్పేది. నేను చదువుకున్నాను, మందుల కంపెనీలో చేరాను, పెళ్లి చేసుకున్నాను, కూతుర్ని కన్నాను. చెప్పడానికి సందర్భాలు వచ్చాయి. నా కూతురు నీల పుట్టినప్పుడు ఆస్పత్రిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని అమ్మ, "మీ తాత నామీద కోపం తీరకుండానే ఎల్లిపోయేడు" అని ఆ పసిగుడ్డుతో చెప్పింది. నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

ఆఖరి వారాల్లో అమ్మ మాట తగ్గించింది. ఒక సాయంత్రం నేను మందు తాగిస్తుంటే గ్లాసు పక్కకి తోసి, స్పష్టంగా అడిగింది. "పాపా, మీ నాన్న ఆ రోజు అలాగెందుకు పంపేడంటావు?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నాకు అరవై ఏళ్లు. కొట్టేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు. నోటి చివరిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే, యాభై ఏళ్లు నువ్వు ఊరికే ఏడ్చావమ్మా అని చెప్పినట్టే కదా అనిపించింది. ఈ వయసులో ఆవిడకి అది ఊరటా, శిక్షా? అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, అప్పుడూ నేను భయపడ్డాను. "మర్చిపోయి ఉంటాడమ్మా" అన్నాను.

"మర్చిపోయే మనిషి కాడే" అని అటు తిరిగింది. ఆ తర్వాత ఆవిడ నాతో నాన్న మాట ఎత్తలేదు. తొమ్మిదో రోజున పోయింది.

వేసవిలో నీల నన్ను అలాస్కా ఓడ ఎక్కించింది. "అమ్మా, యూ నీడ్ ఎ బ్రేక్. టికెట్స్ బుక్ చేసేశాను. నువ్వు పెరిగిన ఊరు నాకూ చూపించు" అంది. పెట్టెలో బట్టల మధ్య నేను క్యారేజీ కూడా పెట్టుకున్నాను. ఆ ఊళ్లో మా ఇల్లు ఇప్పుడు నగల దుకాణం. డోరతీ పెరడు సైకిళ్లు అద్దెకిచ్చే చోటు. రైలుకి మాత్రం పదిహేను పెట్టెలు, వార్నిష్ వాసన, ప్రతి మలుపు దగ్గరా మైకులో ఒక హాస్యం. నేను క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. అప్పట్లో ఎవరూ చూడని కొండల్ని జనం ఫోన్లలోంచి చూస్తున్నారు. చూడనీ, అందంగానే ఉన్నాయి. నాకే ఆ అందం ఎక్కడా అంటలేదు.

శిఖరం దగ్గర రైలు ఆగింది. రెండు దేశాల జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. ఇంజను ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లేలోగా అందరూ లేచి, సీటు వీపుని రెండోవైపుకి తోసి, అటు కూర్చున్నవాళ్లు ఇటు కూర్చోవాలట, దిగేటప్పుడు అందరికీ లోయ కనిపించాలని. నవ్వులు, చప్పుడు. మేమూ మారాం. ఆ వైపు కిటికీలోంచి అవతల, కొద్ది దూరంలో, పట్టాల పనివాళ్ల బస పునాది రాళ్లు కనిపించాయి. రేకుల కప్పు లేదు, గోడ లేదు. రాళ్ల చుట్టూ బెర్రీ పొదలు మోకాలెత్తు పెరిగి, కాయలతో వంగిపోయి ఉన్నాయి. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. కండక్టరు ఇరవై ఏళ్ల అమ్మాయి, మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టింది. ఇక్కడ దిగకూడదండీ, అటు వేరే దేశం అంది. రెండు నిమిషాలు చాలు అన్నాను. సారీ అంది. నేను మళ్లీ మళ్లీ అడుగుతుంటే నీల వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, వాట్ హ్యాపెండ్? ఏముంది అక్కడ?"

రైలు దిగుతున్నంత సేపూ చెప్పాను. మెట్లు, కుళాయి, నా నాలుక, వాల్టర్ చెప్పిన మాట, నేను మింగేసిన మాట. ఇంతవరకూ ఏ మనిషికీ చెప్పలేదు, నా భర్తకి కూడా. నీల ఏడ్చింది. తర్వాత నా చేతులు పట్టుకుని, "యూ వర్ టెన్, అమ్మా. చిన్నపిల్లవి. ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్" అంది.

"పదేళ్లప్పుడు చిన్నపిల్లనే. ఇరవై ఐదేళ్లప్పుడు? నువ్వు పుట్టినప్పుడు? మొన్న ఏప్రిల్‌లో?" అన్నాను. బెర్రీలు తిన్న పిల్లని నేను ఎప్పుడో క్షమించాను. మూత మూసి పెట్టిన ఈ మనిషిని క్షమించడం నాకు చేతకావడం లేదు.

స్టేషనులో దిగాక నీల నన్ను బల్ల మీద కూర్చోబెట్టి ఎటో వెళ్లింది. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు టోపీలు అమ్ముతున్నారు. మెట్లు లేవు. కుళాయి మాత్రం ఉంది, అదో కాదో తెలియదు. నీల బెర్రీల కాగితం పొట్లంతో తిరిగి వచ్చింది. ఎవరో ముసలాయన బండి మీద పెట్టి అమ్ముతున్నాడట, కొండ మీద కోసినవే.

"ఇందులో పెట్టు అమ్మా. ఖాళీగా తీసుకెళ్లకూడదు కదా. అమ్మమ్మ ఎప్పుడూ చెప్పేది."

దాని వంకర తెలుగులో ఆ మాట అచ్చం అమ్మ మాటలాగే వినబడింది. మూత తీసి, పై రెండు గిన్నెల్లోనూ పోశాను. ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. నాన్న కట్టిన తీగ దగ్గర పట్టుకుని ఓడ ఎక్కాను, విమానం ఎక్కాను, పిస్కాటవే వచ్చాను. వంటగది గట్టు మీద పెట్టి, అలవాటు కొద్దీ, "అమ్మా, ఇదుగో" అన్నాను.